నలభై ఒకటో ఆవు కాలిపట్టీ

అరవై ఆవులకు అరవై గుడ్డలు. షహజాదీ రోజూ పొద్దున వాటిని లెక్కపెట్టి ఉడకేసేది, లెక్కపెట్టి ఆరేసేది, మళ్లీ లెక్కపెట్టి మడత పెట్టేది. ఒక్కటి తగ్గినా ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు. ఏ ఆవు పొదుగు ఏ ఆవు గుడ్డతో తుడిచినారో, ఏ రోగం యాడికి పాకిందో అని కొట్టం చివరిదాకా వెతుక్కుంటా పోయేది.

మొదటి నుంచీ భయస్తురాలే. పిల్ల పుట్టినాక అది ముదిరింది. పది నెలల అఫ్షాన్ నిద్రపోతా ఉంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేది. పిల్ల ఎక్కువ నవ్వితే భయం, ఏడవకపోతే భయం. నాలుగో నెలలో, ఇంకా సొంతూళ్లో ఉండగా, జ్వరమొస్తే ఆసుపత్రిలో సూది వేసినారు. గడియ తిరక్కముందే ఒళ్లంతా దద్దుర్లు లేచి, మూతి వాచిపోయి, పిల్లకు ఊపిరి అందలేదు. ఎట్లనో బతికింది. ఆ మందు పేరు పెన్సిలిన్ అనీ, జన్మలో ఈ పిల్ల ఒంట్లోకి అది పోకూడదనీ డాక్టరమ్మ ఒక చీటీ మీద రాసిచ్చింది. ఆ చీటీని షహజాదీ పాస్‌పోర్టు కంటే భద్రంగా దాచుకుంది.

రియాద్ దిక్కున ఖర్జ్ ఊరు దాటి ఇసుకలో ఇరవై కిలోమీటర్లు పోతే వస్తుంది ఆ డెయిరీ. ఆమె మొగుడు కాలేషా ఆరేండ్లుగా అక్కడ పాలమిషన్ల మీద పని. రాయచోటి పక్క పల్లె వాళ్లది. అయిదు నెలల కిందట విజిట్ వీసా మీద పెండ్లాన్నీ పిల్లనూ పిలిపించుకున్నాడు. దూడల కొట్టం పక్కన రేకుగది ఒకటి ఖాళీగా ఉంటే యజమాని ఉండమన్నాడు. యజమానిని పనివాళ్లంతా బాబా అంటారు. ఆ గది బాబా దయ. ఉండమంటే ఉన్నట్టు, పొమ్మంటే మూట కట్టినట్టు. పెండ్లయిన మూడేండ్లలో మొగుడూ పెండ్లామూ ఒక కప్పు కింద ఉన్నది అంతా కలిపి ఏడు నెలలు. అందులో అయిదు ఈ రేకుగదిలోనే.

ఆమె వచ్చిన కొత్తలో డెయిరీ పరిస్థితి ఏం బాగలేదు. పాలను ట్యాంకరులో ప్లాంటుకు పంపితే, ప్లాంటు నుంచి ప్రతి వారం చీటీ వచ్చేది: పాలలో కణాలు ఎక్కువ, అంటే పొదుగుల్లో చీము చేరింది, ఇట్లయితే తీసుకోము అని. బాబా కేకలు. ఆయన కేకలేస్తే కాలేషా ముఖం మాడేది. చివరికి బాబా ఒక సూడానీ డాక్టరును కుదిర్చినాడు. ఆయన మొదటిరోజు కొట్టంలో నిలబడి, రాజేశం చేతిలోని తడిగుడ్డ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

రాజేశం జగిత్యాల దిక్కు ముసలాయన. పద్నాలుగేండ్లుగా అక్కడే పాలు పిండుతున్నాడు. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ. ముంచడం, పిండడం, పొదుగు తుడవడం. ముంచడం, పిండడం, ఇంకో పొదుగు తుడవడం.

డాక్టరు అరబ్బీలో చెప్పింది కాలేషా తెలుగులో చెప్పినాడు. "పెదనాయనా, నువ్వు తుడుస్తా ఉండేది పొదుగు కాదంట. ఒకదాని రోగం తీసి అరవైటికి పెళ్లి కానుక మాదిరి పంచుతా ఉండావంట."

"గట్లనా? మరి పద్నాలుగేండ్ల సంది ఒక్కడు గూడ ఎందుకు జెప్పలే?" అన్నాడు రాజేశం. తప్పు తనది కాదన్నట్టు గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఆ రోజు షహజాదీ రెండు పాత దుప్పట్లూ, బాబా ఇంటి నుంచి వచ్చిన చినిగిన తెల్ల తోబులు, ఆ పొడుగు అంగీలు, నాలుగూ కత్తిరించి అరవై గుడ్డలు చేసింది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ చెయ్యి విరిగితే, పుస్తకాల సంచి దించి పాలకేను చేతికిచ్చినారు. బర్రె పొదుగు ఆమెకు కొత్త కాదు. పొదుగువాపు నొప్పి అయితే ఆవుకు ఎంతో ఆమెకూ అంతే తెలుసు. అఫ్షాన్ పుట్టిన రెండో వారంలో ఆమె ఎడమ రొమ్ము రాయిలా గడ్డకట్టి, పిల్ల నోరు ఆనిస్తే ప్రాణం పోయినంత పనయ్యింది. అందుకని వాచిన పొదుగు ఆవు ఒకటి కాలు ఎత్తి దింపుతా ఉంటే ఆమె చూడలేకపోయేది. వేడినీళ్ల కాపడం పెట్టి, "ఉండు తల్లీ, ఉండు" అని దానితో మాట్లాడేది.

డాక్టరు పద్ధతులు పెట్టినాడు. మిషను తగిలించే ముందు మొదటి నాలుగు ధారలు నల్లగిన్నెలోకి పిండి, పెరుగుపలుకులు ఉన్నాయేమో చూడాలి. పిండినాక నాలుగు చన్నులూ మందునీళ్లలో ముంచాలి. ఎండ ముదిరితే ఫ్యాన్లు, పైన నీళ్ల చిలకరింపు, ముదరని బర్సీం గడ్డి. పొదుగులోకి మందు ఎక్కించిన ఆవు వెనకకాలికి ఎర్ర పట్టీ కట్టాలి. పట్టీ ఉన్న ఆవును అన్నిటికంటే చివర పిండాలి, ఆ పాలు ఎర్ర బకెట్టులో పట్టి గుంటలో పారబోయాలి, అయిదు రోజులు ట్యాంకీలోకి ఒక్క చుక్క పోకూడదు. ఎర్ర బకెట్టు పారబోసి కడిగే పని షహజాదీది. దూడలకు పాలు పట్టే పని కూడా ఆమెదే.

మూడు నెలల్లో పాలు మారిపోయినాయి. చీటీల్లో అంకెలు దిగినాయి, లీటర్లు ఎక్కినాయి. బాబా నవ్వడం మొదలుపెట్టినాడు. కాలేషా కూడా గదికి వచ్చినాక పిల్లను ఎత్తుకుని ఈలపాట పాడేవాడు.

అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చేది నలభై ఒకటో నంబరు ఆవు. నల్లటి ముఖాన తెల్లటి బొట్టు. రాజేశం దాన్ని చుక్కమ్మ అనేవాడు. రోజుకు ముప్పై ఎనిమిది లీటర్లు.

ఒకరోజు బాబా నలుగురు స్నేహితులను తెచ్చి చుక్కమ్మ ముందర నిలబెట్టి లీటర్లు చెప్పినాడు. షహజాదీ దూడల కొట్టం తడిక వెనక నుంచి చూస్తా ఉంది. ముగ్గురు దిష్టి తగలకుండా మాషా అల్లా అన్నారు. నాలుగోవాడు, పొట్టిమనిషి, పొదుగు వైపు అట్లనే చూసి నాలుక చప్పరించినాడు. ఆ మాట అనలేదు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని ఆమె ఎదురుచూసింది. అనకుండానే కారెక్కినాడు.

మర్నాడు చుక్కమ్మ మేత ముట్టలేదు. ఇరవై నాలుగు లీటర్లకు దిగింది. డాక్టరు వచ్చి ఎండదెబ్బ అని ఇంకో ఫ్యాను పెట్టించినాడు.

"ఎండ చుక్కమ్మ ఒక్కదానికే కొట్టిందా?" అంది షహజాదీ మొగునితో. "మిగతా యాభై తొమ్మిదీ నీడలో పండుకున్నాయా? అది దిష్టి. ఆ పొట్టోడి కన్ను."

ఊరు విడిచే ముందు ఆమె తల్లి పీరుసావి దగ్గర ముడులు వేయించిన ఎర్రదారం ఏడు మూరలు చేతిలో పెట్టింది. ఒక ముక్క అఫ్షాన్ చీలమండకు ఉంది, మేజోడు కింద. ఇంకో ముక్క చుక్కమ్మకు కడతానంది.

కాలేషాకు నిద్రమత్తు వదిలిపోయింది. "ఏం మే, పిచ్చి పట్టిందా నీకు? తాయెత్తు అంటే ఈ దేశంలో ఎట్ల చూస్తారో తెలుసా? బాబాకు తెలిస్తే సంచీ సర్దుకునే టైము గూడా ఇయ్యడు."

"ఆయనకు తెలిసేటట్టు నేనెందుకు కడతా?"

చెత్తడబ్బాలో చినిగిన ఎర్ర పట్టీ ఒకటి పారేసి ఉంటే తెచ్చి, ఉతికి, మధ్యలో దారం మడిచిపెట్టి, కనపడకుండా కుట్టింది. చూస్తే మందు పట్టీయే. కాలేషా అటూ ఇటూ తిప్పి చూసి, కోపం పోయి నవ్వేసినాడు. "మీయమ్మ నిన్ను బడి మాన్పించి తప్పు చేసింది మే. నువ్వు లాయరు కావాల్సిన దానివి."

గురువారం గురువారం డాక్టరు వస్తాడు కాబట్టి ఆ పొద్దు పట్టీ విప్పేయాలి, ఆయన పోయినాక మళ్లీ కట్టాలి. నలభై ఒకటి కాలిది దిష్టి పట్టీ, దాని పాలు మామూలుగా ట్యాంకీలోకే పిండాలి. ఇది రాజేశానికి కూడా చెప్పినారు.

నాలుగు రోజుల్లో చుక్కమ్మ ముప్పై ఆరుకు లేచింది. కొత్త ఫ్యాను వల్లనో, దారం వల్లనో! రాజేశం మాత్రం దారం దిక్కే. "మా పదిహేడో నంబరుకు గూడ ఒకటి కుట్టియ్యి బిడ్డా, పాపం అది మస్తు సక్కగుంటది" అన్నాడు. దానికీ ఒకటి కట్టింది. అట్లా మూడు వారాలు గడిచినాయి.

నాలుగో వారం గురువారం డాక్టరు రాలేదు. వేరే డెయిరీలో ఆవు ఈనలేక కష్టపడుతుందని ఫోను చేసినాడు. పొద్దున విప్పిన పట్టీలు సాయంత్రం మళ్లీ కట్టేసినారు.

శుక్రవారం పొద్దున పాలు పిండడం అయినాక కాలేషా గడ్డి లారీలో రియాద్ పోయినాడు. అక్కడ బతా బజారులో తెలిసినాయన దగ్గర విజిట్ పొడిగించే పని ఉంది. రెండు రోజుల్లో గడువు. రాజేశం నడుము వాల్చినాడు. షహజాదీ పిల్లను చాప మీద కూర్చోబెట్టి దూడలకు పాలు పడతా ఉంటే డాక్టరు కారు వచ్చి కొట్టం ముందర ఆగింది.

ఆమె చేతిలో పాలు కింద పెట్టి లేచింది. పట్టీలు! మొగాయన ముందరికి పోయి ఆవు కాలు పట్టుకుని విప్పేదెట్లా? తడిక సందులోంచి చూస్తా నిలబడింది. డాక్టరు వరసలో వస్తా, ఒక్కో పొదుగు నుంచి పాలు పళ్లెంలోకి పిండి, మందు కలిపి తిప్పి చూస్తా, పాలు బాగున్న పదిహేడును దాటి, చుక్కమ్మ దగ్గర ఆగినాడు. పళ్లెం రెండుసార్లు తిప్పినాడు. వంగినాడు. పట్టీ మీద చెయ్యి వేసినాడు. ఆమె కళ్లు మూసుకుని నోటికొచ్చిన దువా చదివింది. కళ్లు తెరిచేసరికి ఆయన లేచి సంచీ సర్దుకుంటున్నాడు. గోడ బోర్డు మీద ఏదో రాసినాడు. పోతా పోతా తడిక వైపు చూసి, బొటనవేలు ఎత్తి, "గుడ్! కాలేషా గుడ్!" అన్నాడు.

కారు పోయింది. షహజాదీ చెమట తుడుచుకుంది. బయటపడలేదు. దారం బయటపడలేదు. ఆ ఒక్క సంగతే ఆమె మనసంతా నిండిపోయింది. ఎందుకు మెచ్చుకున్నాడో, ఏం మెచ్చుకున్నాడో అని అప్పుడు తోచలేదు. ఒక భయం తీరితే మనిషి కాసేపు గుడ్డిదవుతుంది.

మధ్యాహ్నం రాజేశం లేచి, నవాజ్ ట్యాంకరు వచ్చే లోపల అరవై ఆవులూ పిండేసినాడు. నవాజ్ పాకిస్తానీ డ్రైవరు. పది డెయిరీల పాలు ఒకే ట్యాంకరులో ఎత్తుకుని ప్లాంటుకు పోతాడు.

షహజాదీ మైల గుడ్డలు ఏరుకుంటా ఎర్ర బకెట్టు కోసం చూసింది. పొద్దున బోర్లించినది బోర్లించినట్టే ఉంది, ఎండి. మంచిదే, ఈ వారం జబ్బు ఆవులు లేవు అనుకుంది. తర్వాత చెత్తడబ్బా తీసింది. పైనే, ఖాళీ మందుగొట్టం ఒకటి. పొదుగులోకి ఎక్కించేది. పొద్దున డబ్బా ఖాళీ చేసింది ఆమే. అప్పుడు అది లేదు.

గొట్టం మీద ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుంది. పి, ఇ, ఎన్. చీటీలో వెయ్యిసార్లు చూసిన అక్షరాలే అవి.

బోర్డు దగ్గరికి పరుగెత్తింది. కాలేషా ఉంటే రోజూ ఆ బోర్డు చదివి రాజేశానికి చెబుతాడు. షహజాదీకి అరబ్బీ మాటలు రావు గానీ, చిన్నప్పుడు మసీదులో ఖాయిదా చదివింది, అక్షరాలు వస్తాయి. అంకె ముందు తెలిసింది, నలభై ఒకటి. పక్కన మాట. దాల్. వావ్. అలిఫ్. దవా, మందు.

"పెదనాయనా! చుక్కమ్మ పాలు దేంట్లోకి పిండినావు?"

రాజేశం మిషన్లు కడుగుతున్నాడు. "దేంట్లకేంది? ట్యాంకీలకే."

"పట్టీ ఉంది కదా దానికి?"

"అది నువ్వు గట్టిందే గద బిడ్డా. దిష్టిది." ఆమె ముఖం చూసి నీళ్ల పైపు వదిలేసినాడు. "ఏమైంది? డాక్టర్ అచ్చిండా? నన్ను లేపలేదేంది! నల్లగిన్నెల చూసిన, పాలు సాఫుగనే ఉన్నయి." అంటా అంటా తడినేల మీదే కూలబడినాడు. "అయ్యో. ఆయన గూడ పట్టీ ఉన్నదనే ఇంకోటి కట్టలేదా?"

అదే జరిగింది. పనివాళ్లే ముందుగా జబ్బు కనిపెట్టి పట్టీ కట్టినారని ఆయన మురిసిపోయినాడు. మందు ఎక్కించి, బోర్డు మీద రాసి, నిశ్చింతగా పోయినాడు. డాక్టరు పట్టీని నమ్మినాడు, రాజేశం షహజాదీని నమ్మినాడు.

ఆమెకు ఒక్కసారిగా పిల్ల గుర్తొచ్చింది. అఫ్షాన్‌కు ట్యాంకీ పాలే పడుతుంది. గదిలోకి ఉరికి గిన్నె చూసింది. పొద్దున తెచ్చినవే, డాక్టరు రాకముందు పిండినవి. పిల్ల మూతి చూసింది, గౌను ఎత్తి కడుపు చూసింది, వీపు చూసింది. ఏమీ లేదు. పిల్లను రొమ్ముకు అదుముకుని గోడకు ఆనుకుంది. తన పిల్ల తాగలేదు. మరి ఆ ట్యాంకరు పాలు తాగే పిల్లలు? వాళ్లలో ఇట్లాంటి పిల్ల ఒకటి ఉండదా? ఆ తల్లికి చీటీ రాసిచ్చినవాళ్లు ఉన్నారో లేదో.

కాలేషా అప్పుడే వచ్చినాడు, చేతిలో నాప్కిన్ల సంచీతో. ముఖం వెలిగిపోతా ఉంది. "అయిపాయ మే! ఇంకో మూడు నెలలు. రేపటికి ఫోనులో మెసేజు వస్తాదంట." అని, ఆమె చెప్పింది విని, సంచీని మెల్లగా కింద పెట్టినాడు.

"ఎవురెవురికి తెలుసు?" అన్నాడు.

"నాకు, పెదనాయనకు. ఇప్పుడు నీకు."

"అట్లయితే ఊరుకో. అరవై ఆవుల్లో ఒక్క ఆవు. ఆ ట్యాంకరులో పది డెయిరీల పాలు. సముద్రంలో ఉప్పురాయి. అదీగాక ప్లాంటులో కాస్తారు."

"కాస్తే మందు పోతాదా? కషాయం మరగబెడితే దాంట్లో మందు పోతాదా?"

"ప్లాంటులో పరీక్ష చేస్తారు. వాళ్లకే తెలుస్తాది."

"తెలియకపోతే?"

"షహజాదీ." అతను ఆమెను పేరు పెట్టి పిలవడం తక్కువ. "చెబితే పట్టీ విప్పుతారు. విప్పితే దారం కనపడతాది. నువ్వు ఈడ ఉండవు. పిల్ల ఉండదు. నేను మళ్లా రెండేండ్లకు వస్తే అది నన్ను చూసి ఏడుస్తాది. ఒక్క పొద్దు నోరు మూసుకో. నీ కాళ్లు పట్టుకుంటా."

"దారం నేను తీసేస్తా."

"తీస్తే? ముందు నుంచి పట్టీ ఎందుకుందని డాక్టరు అడగడా? పట్టీ ఉండి ట్యాంకీలోకి ఎందుకు పిండినావని పెదనాయనను అడగరా? ఆయనేం చెప్పాల?"

దూరంగా ట్యాంకరు హారను వినపడింది. కాలేషా ఆమె ముఖంలోకి చూసి, పోయి మంచం మీద కూర్చున్నాడు. ఆమెను ఆపలేదు. వెంట రాలేదు.

షహజాదీ పిల్లను చంకనేసుకుని నడిచింది. గదికీ ట్యాంకీకీ మధ్య యాభై అడుగులు కూడా ఉండవు. ఆ యాభై అడుగుల్లో మూడుసార్లు నిలబడింది. నవాజ్ అప్పటికే దిగి, లావుపాటి పైపు లాక్కొస్తున్నాడు. పిల్లను చూసి నవ్వి బుగ్గ గిల్లబోయినాడు.

"భాయ్, యే దూద్ మత్ లేజావ్" అంది, ఈ పాలు తీసుకుపోవద్దని. పైపు చప్పుడులో అతనికి వినపడలేదు. మళ్లీ అంది. "ఇస్‌మే దవా హై. దవా కా దూద్ హై."

నవాజ్ పైపు వదిలేసినాడు. తన ట్యాంకరు వైపు ఒకసారి చూసుకున్నాడు. తొమ్మిది డెయిరీల పాలు అందులో ఉన్నాయి. "అల్లా తేరా భలా కరే, బహెన్" అని దీవించి, ఫోను తీసి బాబాకు చేసినాడు.

బాబా వచ్చినాడు, వెనకాలే డాక్టరు వచ్చినాడు. డాక్టరు ట్యాంకీ పాలు సీసాలో పట్టి, కాగితం ముక్క ముంచి చూసి, మందు ఉందని తల ఊపినాడు. కింద కుళాయి తిప్పినారు. ఉదయం నుంచి పిండిన పాలన్నీ తెల్లటి కాలువ కట్టి ఇసుకలోకి పోయినాయి. ఇసుక ఎంతో సేపు పట్టనట్టే ఉండి, తర్వాత ఒక్కసారిగా తాగేసింది. ఆ వాసనకు దూడలు అరవడం మొదలుపెట్టినాయి.

అప్పటిదాకా బాబాకు కోపం లేదు. పాలు పోయినా ప్లాంటు దగ్గర పరువు నిలబడిందని అన్నాడు కూడా. కాలేషాను పిలిచి పొరపాటు ఎట్లా జరిగిందని అడిగినాడు. కాలేషా నేల చూస్తా నిలబడినాడు. డాక్టరే కొట్టంలోకి పోయి చుక్కమ్మ కాలి పట్టీ విప్పి తెచ్చినాడు. ఎందుకో అది చేతికి లావుగా తగిలింది. కుట్టు చూసినాడు. చాకు మొనతో తెంచినాడు. ముడులు ముడులుగా ఎర్రదారం జారి బాబా చెప్పుల ముందర పడింది.

బాబా రెండడుగులు వెనక్కి వేసినాడు, పామును చూసినట్టు. "షిర్క్" అన్నాడు, అల్లాకు సాటి నిలబెట్టే పాపమని. అరవలేదు. అరిచి ఉంటే షహజాదీకి అంత భయం వేసేది కాదు. "నా కొట్టంలో. నా ఆవుకు."

ఎవరు కట్టినారని అడిగినాడు. మాట అర్థం కాకపోయినా అడిగింది అర్థమై, షహజాదీ ముందుకొచ్చి తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

రాజేశం కూడా లేచినాడు. చేతులు జోడించి తెలుగులోనే మొదలుపెట్టినాడు. "సార్, ఆ పిల్లదొక్కదే కాదు. నేను గూడ కట్టుమన్న. పదిహేడో నంబరుకు నేనే అడిగి కట్టిచ్చుకున్న. ట్యాంకీల పిండింది నేను. పాపం చంటిపిల్ల తల్లి సార్, జెర..." అని కాలేషా వైపు తిరిగినాడు. "చెప్పు కొడుకా. ఆయనకు అరబ్బీల చెప్పు."

బాబా కూడా కాలేషా వైపు చూసినాడు, ముసలాయన ఏమంటున్నాడని.

కాలేషా నోరు తెరవలేదు.

తప్పు ఇద్దరి మీదికీ పోతే ఇద్దరూ పోతారు, ముసలాయన పోతే పని ఆగుతుంది అనుకున్నాడో, మాట రాలేదో. ఆమె తన మాట వినలేదన్న అక్కసు ఉందో! ఏండ్ల తరబడి పక్కపక్కన బతికిన మొగుడూ పెండ్లాం అయితే ఆమెకు తెలిసేది. షహజాదీ అతని పెదాల వైపే చూసింది. అవి కదల్లేదు.

బాబా తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆమె నిజం చెప్పింది కాబట్టి పోలీసుకు చెప్పను. కానీ ఆ పని చేసిన చెయ్యి ఈ డెయిరీలో ఉండకూడదు. విజిట్ పొడిగించేది లేదు, గడువు ఆదివారంతో అయిపోతుంది, ఆదివారమే విమానం. కాలేషా ఉండొచ్చు, మిషన్లు అతనికే తెలుసు.

ఆ రెండు రోజులూ ఆమె గుడ్డలు ఉతికింది. వద్దని ఎవరూ అనలేదు. శనివారం డాక్టరు కొత్త పట్టీలు తెచ్చినాడు, నీలం రంగువి, ఒక్కోదాని మీదా అంకె అచ్చు వేసినవి. విప్పితే మళ్లీ అంటుకోవు. పాత ఎర్రవన్నీ కాల్చేసినారు. చుక్కమ్మ నీలం పట్టీతో నిలబడి నెమరేస్తా ఉంది. దానికేం తెలుసు!

ఆదివారం పొద్దున రాజేశం ఒక పొట్లం తెచ్చి పిల్ల చేతిలో పెట్టినాడు. ఖర్జూరాలు. "నీ గుడ్డలు నేనే ఉడకేస్త బిడ్డా. అరవై. లెక్క తప్పనియ్య" అన్నాడు.

"దూడలకు పాలు గోరువెచ్చగా పట్టు పెదనాయనా. చల్లటివి పడితే పారుకుంటాయి."

"పడత, పడత." ఆయన కాలేషా వైపు చూడకుండా కొట్టంలోకి పోయినాడు. శుక్రవారం నుంచీ ఆయన కాలేషాతో మాట్లాడడం లేదు.

గేటు దగ్గర నవాజ్ ట్యాంకరు ఎదురొచ్చింది. నవాజ్ కిటికీలోంచి చెయ్యి చాపి కాలేషాకు ప్లాంటు చీటీ ఇచ్చినాడు. కాలేషా చదివి జేబులో పెట్టుకుని కారు ముందుకు పోనిచ్చినాడు. చాలా దూరం పోయినాక అన్నాడు. "అంకె బాగా తగ్గింది. ఈ డెయిరీ పెట్టినప్పటి నుంచీ ఇంత మంచి పాలు ఎప్పుడూ పోలేదంట."

అది గుడ్డల గుణమని షహజాదీకి తెలుసు. చెప్పుకుని ఏం చేసుకోవాల?

రియాద్ ఎయిర్‌పోర్టులో లైను పొడుగ్గా ఉంది. కాలేషా పిల్లను ఎత్తుకుని తాడు దాకా వచ్చినాడు. అక్కడి నుంచి అతను రాకూడదు.

"ఆ పొద్దు పెదనాయన మాట నేను బాబాకు చెప్పలేదని..." అని మొదలుపెట్టినాడు.

"చెప్పి ఉంటే ఆయన గూడా పోయేవాడు" అంది షహజాదీ.

"అందుకే చెప్పలా."

"అట్లనే అనుకుంటాలే."

అతనికి ఆ మాట ఎక్కడో తగిలింది. తల వంచుకున్నాడు. అఫ్షాన్ తండ్రి చూపుడువేలు పట్టుకుని అలవాటుగా నోట్లో పెట్టుకుంది. చన్నులు ముంచే మందునీళ్లతో ఆ వేళ్లు పసుపుగా మారిపోయినాయి, ఎంత రుద్దినా పోవు. పిల్ల మూతి వికారంగా పెట్టి వేలు ఉమ్మేసింది. మళ్లీ పట్టుకుని మళ్లీ నోట్లో పెట్టుకుంది.

వెనకాయన తొందరపెట్టినాడు. కాలేషా పిల్ల పిడికిట్లోంచి వేలు లాక్కున్నాడు.

లోపల సంచీ తనిఖీ చేసే ఆడమనిషి పిల్ల మేజోళ్లు తీయమంది. షహజాదీ తీసింది. చీలమండకు దారం లేదు. శుక్రవారమే, గదిలో, ఎవరూ చెప్పకుండానే ఆమె దాన్ని తెంచేసింది. దారం ఉన్నచోట పిల్ల ఒంటి మీద సన్నటి తెల్లగీత మిగిలింది. షహజాదీ మేజోడు మళ్లీ తొడిగింది. లైను కదిలేదాకా పిల్ల ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూస్తా నిలబడింది.